పన్నెండు శాతం ఎస్తేరమ్మ

ఎస్తేరమ్మ ఒంట్లో నూటికి పన్నెండు పాళ్లు మాత్రమే చెడిపోయిందని, మిగతా ఎనభై ఎనిమిది పాళ్లు నిక్షేపంగా ఉందని ప్రభుత్వం వారి కంప్యూటరు తేల్చింది. తేల్చి, రంగు ఫొటోతో సహా కాగితం మీద అచ్చువేసి ఇచ్చింది. ఆ కాగితాన్ని ఆమె నా దగ్గరికి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తెచ్చింది, దండం పెడుతున్నట్టు. భక్తి ఏమీ కాదు. వేళ్లతో కాగితం పట్టుకోవడం ఆమెకు చేతకాదు.

నేను ఊళ్లు పట్టుకు తిరిగేవాణ్ణి. కృష్ణ ఒడ్డున గుళ్లలో రాతి శాసనాలు చదువుకుంటూ నెలలు గడిపాను. దీపానికి రోజుకి ఎంత నెయ్యి పొయ్యాలో రాయి మీద చెక్కించిన రాజులున్నారు. పిచ్చి లెక్కే, కాని ఆ రాజుకి నెయ్యి అంటే ఏమిటో తెలుసు. మనిషి మోకాలికి ఇన్ని మార్కులు, మణికట్టుకి ఇన్ని మార్కులు అని పట్టిక గీసిన మహానుభావుడికి మోకాలంటే ఏమిటో తెలుసా అని నాకు అనుమానం. కుర్చీలో కూర్చుని గీసి ఉంటాడు. కూర్చున్నవాడికి మోకాలితో పనేముంది?

అది తుంగభద్రకు పెద్ద వరద వచ్చిన ఏడాది. చలికాలం మొదట్లో నేను బల్మూరు పక్క పల్లెలో ఒక పాత స్నేహితుడి ఇంట్లో మకాం పెట్టాను. ఆ ఇంటి వెనక వాడలోనే ఎస్తేరమ్మ, ఆమె మొగుడు ప్రభుదాసు ఉండేవారు; కూతుళ్లు పెళ్లయి అత్తారిళ్లకు వెళ్లారు. ఎస్తేరమ్మ నలభై ఏళ్లు నిండని మనిషి. వెనకనుంచి చూస్తే అరవై అనుకుంటారు. ముందునుంచి చూస్తే బుగ్గలు నిండుగా, ముఖం గుండ్రంగా, తిండికి లోటులేని ఇల్లాలిలా ఉంటుంది. ఆ ముఖం సంగతి తర్వాత చెబుతాను, ఆమె కొంప ముంచింది అదే.

చిన్నప్పుడు అయిజ దగ్గర సీడుపత్తి చేలల్లో పనిచేసిందట. తెల్లవారగానే మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు పుప్పొడి అంటించాలి. రేకు చిరగకూడదు, లోపలి కాడ విరగకూడదు. మొద్దు వేళ్లకు రాని పని. "నా వేళ్లు జూసి చేను రెడ్డి పెండ్లామే నవ్వేది పెద్దయ్యా, నీయి వేళ్లా, చీమ కాళ్లా అని" అని చెప్పింది నాతో. చెప్పి, తన వేళ్లవైపు చూసుకోలేదు. ఆ వేళ్లిప్పుడు అన్నీ ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి, గాలికి పడిన జొన్నల్లాగా. కణుపులు చింతగింజలంత ఉబ్బి ఉన్నాయి.

పెళ్లయ్యాక వలస. మన పాలమూరు కూలీలు పోని దేశం లేదు, తవ్వని కాలువ లేదు. ఆ కాలువల ప్రారంభానికి కొబ్బరికాయ కొట్టినవాళ్ల పేర్లు పలకల మీద ఉన్నాయి. తవ్వినవాళ్ల పేర్లు మేస్త్రీ పుస్తకంలో ఉంటాయి, అదీ జతగా. ఎందుకంటే గుంపు మేస్త్రీ ఒక్క మగవాణ్ణి తీసుకోడు. ఆలుమగలు కలిసి ఒక జోడీ. వాడు తవ్వుతాడు, ఆమె మోస్తుంది. ఒకరు పడిపోతే జోడీ పోయినట్టే, రెండోవాడూ ఇంటికే.

ఏటా క్రిస్మస్ దాటగానే మేస్త్రీ మద్దిలేటి లారీ పెడతాడు. అంతకు ముందు ఒకరోజు వాడ చివర జోడీలను వరసగా నిలబెట్టి చూస్తాడు. చూడడమంటే ఏం లేదు, "గంప లేపు", "కూసోని లెవ్వు", "చేతులు మీదికి లేపు". ఎవరినీ వద్దని అనడు. నచ్చకపోతే ఏమీ మాట్లాడకుండా పక్కవాళ్ల దగ్గరికి జరుగుతాడు. పక్కకి జరిగాడంటే ఆ ఏడాది తిండి కూడా పక్కకి జరిగినట్టే.

ఎస్తేరమ్మకు పదేళ్ల కిందట కీళ్లవాతం పట్టింది. ముసలితనంలో వచ్చేది కాదు, వయసులోనే పట్టుకుని కీలు కీలూ తినేది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి, మధ్యాహ్నానికి కొంచెం వదులవుతాయి. పదేళ్లుగా ఆమె దాన్ని మద్దిలేటి కంట పడకుండా దాచింది. మేస్త్రీ వచ్చే రోజు చీకటితోనే లేచి ఉప్పు వేసిన వేడినీళ్లలో మోచేతులదాకా ముంచుకుని కూర్చునేది. ఊళ్లో సూదులేసే ఆరెంపీ డాక్టరు ఇచ్చిన గోలీ రోజూ ఒకటి వేసుకునేది, ఆ రోజు రెండు మింగేది. ఆ గోలీలు నొప్పి నోరు పగలంతా మూయిస్తాయి. దానికి కూలిగా ముఖాన్ని ఉబ్బిస్తాయి. ఆ ఉబ్బిన ముఖం చూసి మద్దిలేటి, "దాసూ, నీ పెండ్లాం మస్తుగ తింటుందిరో, నీకేమన్న మిగులుస్తుందా?" అని నవ్వేవాడట. వరసంతా నవ్వేది. ఎస్తేరమ్మ కూడా నవ్వుతూ గంప లేపేది. ఏటా పాసు.

ఆ ఏడాది మాత్రం ఆమె చేతులు గంప అంచు పట్టుకోవడం కూడా మానేశాయి. లారీ ఎక్కడం ఇక తన వల్ల కాదని లోపల తెలుసు. వికలాంగుల పింఛను వస్తే తాను ఊళ్లోనే ఉండొచ్చు, ప్రభుదాసు చుట్టుపక్కల దొరికిన కూలి చేసుకోవచ్చు, ఇద్దరూ గంజి తాగొచ్చు. రాకపోతే ఆ చేతులతోనే లారీ ఎక్కాలి. విషయం ఇంతే.

శిబిరం పెట్టింది దగ్గర పట్టణంలో. ఏ పట్టణమో చెప్పను. ఒక బడి మైదానం, ఒక షామియానా, నాలుగు వందల మంది వికలాంగులు, తాగడానికి ఒక్క డ్రమ్ము నీళ్లు. ఆ డ్రమ్ము కూడా మూడు మెట్ల పైన వరండాలో పెట్టారు. కాళ్లు లేనివాళ్లకు పెట్టిన శిబిరంలో నీళ్లు మెట్ల మీద పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, అతనికి ఎప్పుడో పదోన్నతి వచ్చే ఉంటుంది.

ఇక ఎస్తేరమ్మ ఏం చేసిందో చూడండి. ఆ రోజు చీకటితో లేచింది. వేడినీళ్లలో చేతులు ముంచింది. గోలీలు రెండు కాదు, మూడు మింగింది. పండగ చీర కట్టుకుంది. తలకు నూనె రాసుకుంది. జనాన్ని వరసగా నిలబెట్టి ఒకడు చూస్తాడు అనగానే ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇరవై ఏళ్లు అదే చేసింది. చూసేవాడి ముందు గట్టిగా కనపడితేనే బువ్వ అని ఒళ్లు నేర్చుకుంది. ఇక్కడ లెక్క తలకిందులుగా ఉంటుందని ఆ ఒంటికి ఎవరు చెప్పారు?

మధ్యాహ్నం రెండింటికి ఆమె వంతు వచ్చింది. కుర్ర డాక్టరు, చేతిలో ఫారం.

"ఏం పని చేస్తావమ్మా?"

"ఏ పనైన జేస్త సారు. మన్ను మోస్త, కంకర గొడత, కాంక్రీట్ కాడ నీళ్లు బోస్త."

"చేతులు పైకెత్తు."

ఎత్తింది.

"కూర్చో. లే."

కూర్చుంది. నేల మీద చెయ్యి ఆనించకుండా లేచింది.

"మరి నొప్పి ఎక్కడ?"

"నొప్పి ఏం లేదు సారు. జర పొద్దుగాల్ల పట్టేసినట్ల అయితది. పనికేం అడ్డం రాదు."

డాక్టరు ఆమె గుండ్రటి ముఖం చూశాడు, ఫారం నింపాడు. ఆమె వాలిన వేళ్లను పట్టుకుని చూసేంత తీరిక అతనికి లేదు. ఆమె వెనక ఇంకా రెండు వందల మంది ఉన్నారు, అతని ముందు భోజనం క్యారియరు ఉంది. అతన్ని నేను పెద్దగా తిట్టను. అయిదేళ్లు చదివి, నాలుగు వందల మందిని ఒక్కరోజులో చూడమంటే తల ఊపినవాణ్ణి తిట్టడానికి నోరు నొప్పి ఎందుకు?

అన్నిటికన్నా నాకు కడుపు మండేది ఏమిటంటే, ఆలుమగలిద్దరూ మురిసిపోతూ బయటికి వచ్చారు. షామియానా తాడు పట్టుకుని చూస్తున్న ప్రభుదాసు, "అన్ని జేసినవ్ గదనే! చెయ్యి ఆన్పకుండనే లేసినవ్!" అన్నాడట. పాసయ్యామనుకుని బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొనుక్కు తిన్నారు. మూడు వారాలకు కాగితం వచ్చింది. పన్నెండు.

మండలాఫీసుకు పోతే అక్కడి గుమాస్తా, "నలభై ఉండాలె. నలభైకి తక్కువుంటే మీకూ మాకూ సంబంధం లేదు" అన్నాడట. ఆ ఊళ్లోనే నలభైకి పైన వచ్చిన మనిషి ఒకణ్ణి నేను ఎరుగుదును. రేషను డీలరు బావమరిది. కుడికాలు చచ్చుబడిందని డెబ్బై శాతం. ఆ చచ్చుబడిన కాలితోనే రోజూ నా కళ్ల ముందు మోటారు సైకిలు కిక్కు కొడతాడు. మొదటి కిక్కుకే స్టార్టవుతుంది, కాలులో అంత సత్తువ. ఆయన ఎదురుపడితే నేను కాలికి దండం పెడుతుంటాను. అర్థం కాక, ఆశీర్వదిస్తాడు.

కాగితం వెనక సన్నటి అక్షరాల్లో ఒక ముక్క ఉంది. తీర్పు నచ్చకపోతే ముప్పై రోజుల్లో పై బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చట. గుమాస్తా చెప్పలేదు. తెలియక కాదు, చెబితే ఒక కవరు రాయాలి.

నేను అర్జీ రాశాను. డిసెంబరు పద్దెనిమిదిన రమ్మని పిలుపు వచ్చింది. క్రిస్మస్‌కు వారం ముందు, మద్దిలేటి లారీకి పది రోజుల ముందు.

"ఈసారి గోలీలు వేసుకోవద్దు. వేడినీళ్లూ వద్దు. ఉన్నది ఉన్నట్టు చూపించు" అన్నాను.

ఎస్తేరమ్మకు కోపం వచ్చింది. "గంత పెద్దసార్ల ముంగల గట్ల కుంటుకుంట, మూల్గుకుంట పోవాల్నా? ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ తోని పోతే పన్నెండిచ్చిండ్రు గదనే" అన్నాడు ప్రభుదాసు.

"నువ్వు నోర్మూసుకో. బజ్జీలు తిన్నది నువ్వే."

"నువ్వు తినలేదా? నాలుగు తిన్నవ్."

"మూడు."

చివరికి ఒప్పుకుంది. మూడు రోజులు గోలీలు ఆపింది. ఆ సలహా తప్పని, ఆ రకం గోలీలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుందని నాకు తెలియదు. ఇన్ని పుస్తకాలు చదివాను, ఆ గోలీ అట్ట మీద రాసింది చదవలేదు. నా చదువు నాణ్యత అది.

రెండో రోజుకి వేళ్లు బిగుసుకుపోయాయి. మూడో రోజు పక్కమీద నుంచి లేవడానికి మొగుడు రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. బయల్దేరే పొద్దున ఆమెకు చీర కట్టింది ప్రభుదాసే. నేను బయట అరుగు మీద కూర్చున్నాను, లోపలి మాటలు వినపడుతున్నాయి.

"నీకు చీర గట్టుడు కంటె సెంట్రింగ్ గట్టుడే అల్కగుందే."

"గట్టిగ గుంజు. ఆడ ఊడితే నాకెట్లనో, చీర గట్టరాని పిచ్చోడని నీకు పింఛనొస్తది."

"కుచ్చిళ్లు ఎన్ని బెట్టాలె?"

"ఇరవై ఏండ్ల సంది జూస్తున్నవ్, లెక్క తెల్వదా?"

కుచ్చిళ్లు పెట్టినంతసేపు ఆమె పళ్లు కొరుకుతూనే ఉందని ప్రభుదాసు తర్వాత చెప్పాడు. అరుపు మాత్రం లేదు.

బల్మూరులో బస్సెక్కాం. నాగర్‌కర్నూల్‌లో మారాం. తిమ్మాజిపేట దాటేదాకా సీటు లేదు. వికలాంగులకు అని రాసి ఉన్న సీటులో ఒక ఖద్దరు చొక్కా నిద్ర నటిస్తూ కూర్చుంది. లేపితే, "సర్టిఫికెట్ ఉందా?" అన్నది ఆ చొక్కా. ఎస్తేరమ్మ నిజంగానే పన్నెండు శాతం కాగితం తీయబోయింది. నేను ఆపాను. ఆ చొక్కాను నానా మాటలూ అన్నాను గాని, అవి ఇక్కడ అచ్చు వేయడానికి పనికిరావు.

బోర్డు పాలమూరు పెద్దాసుపత్రి మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది, తాళం కూడా ఉంది. ప్రభుదాసు ఆమెను వీపున ఎక్కించుకుని మెట్లెక్కాడు, సిమెంటు బస్తా ఎక్కించినట్టు. పది గంటలకు రమ్మన్న బోర్డు పన్నెండున్నరకు కూర్చుంది. గాజు పలక పరిచిన బల్ల వెనక ముగ్గురు. నడుమ ఒక పెద్ద డాక్టరు, ఒక పక్క కలం తిప్పుతూ ఇంకొకాయన, మరో పక్క సన్నగా ఒక డాక్టరమ్మ. నన్ను గుమ్మం దగ్గరే ఆపారు. తలుపు తీసే ఉంది.

పెద్ద డాక్టరు దస్త్రం తిరగేశాడు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖంలోకి ఒక సంతోషం వచ్చింది. దొంగ దొరికినప్పుడు వచ్చే సంతోషం. ఆ సంతోషం కోసమే చాలామంది ఉద్యోగాలు చేస్తారని నా అనుభవం.

"నవంబర్లో చేతులు పైకెత్తావని రాసుంది. సపోర్టు లేకుండా లేచావని రాసుంది. అన్ని పనులూ చేస్తానని నువ్వే చెప్పావట. ఇవాళేమో మొగుడి వీపు మీద వచ్చావు. అప్పుడు మోసం చేశావా, ఇప్పుడు చేస్తున్నావా?"

ప్రభుదాసు ఏదో అనబోయాడు. ఎస్తేరమ్మ మోచేత్తో ఆపింది.

"అప్పుడే జేసిన సారు."

"ఏంటి?"

"మోసం అప్పుడే జేసిన. పదేండ్ల సంది జేస్తున్న. పొద్దుగాల్ల వేడినీళ్ల చేతులు బెట్టుకొని, గోలీలు మింగి, మంచిగున్న అని మేస్త్రీని మోసం జేసిన. గట్లనే మీ సారును గూడ జేసిన. ఆయన తప్పేం లేదు. వరుసల నిలబెడితే నాకు గదే వస్తది."

కలం తిప్పుతున్నాయన తిప్పడం ఆపాడు. పెద్ద డాక్టరు దస్త్రంలోకి చూశాడు. దస్త్రంలో దీనికి గడి లేదు.

"ఇప్పుడేమంటావ్ మరి?" అన్నాడు.

ఆమె అనబోయే మాట నోట వస్తే ఆ వాడలో బతుకు పోయినట్టే. అన్నవాళ్ల పక్కనుంచి మద్దిలేటి మాట్లాడకుండా జరిగిపోవడం ఆమె కళ్లారా చూసింది.

"నాతోని గాదు సారు" అంది. "ఏ పనీ గాదు. చెంబు లేపుడు గాదు, జాకిటి గుండీ బెట్టుకునుడు గాదు. నాతోని గాదు."

డాక్టరమ్మ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్లుండవు. ఎస్తేరమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది. మూడో వేలు దగ్గర ఎస్తేరమ్మ అరిచింది. వరండాలో కూర్చున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. ఇరవై ఏళ్ల సంసారంలో ఆ అరుపు తాను వినలేదని, కాన్పుల్లో కూడా వినలేదని ప్రభుదాసు తిరుగు బస్సులో నాకు చెప్పాడు.

"ఏ గోలీలు వేసుకుంటున్నావు? ఎవరు ఆపమన్నారు?" అంది డాక్టరమ్మ. ఎస్తేరమ్మ గుమ్మంలోకి చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. తర్వాత అయిదు నిమిషాలు నన్ను తిట్టింది. ఆ మొత్తం వ్యవహారంలో ఎవరైనా ఎవరినైనా సరైన కారణానికి తిట్టడం నేను చూసింది అదొక్కసారే.

ఎక్స్‌రే తీయించారు. ఆ యంత్రం ఉన్నది కింద అంతస్తులో, కాబట్టి ప్రభుదాసు వీపు మీద మళ్లీ దిగి, మళ్లీ ఎక్కారు. పట్టిక తీశారు. మణికట్టుకి ఇంత, వేళ్లకు ఇంత, మోకాలికి ఇంత అని కూడారు. నలభై ఆరు. నెల కిందట పన్నెండు, ఇవాళ నలభై ఆరు. మనిషి అదే మనిషి, చేతులు అవే చేతులు. పైగా దాని కింద 'తాత్కాలికం, మూడేళ్ల తర్వాత తిరిగి పరీక్షించవలెను' అని ముద్ర. వాలిన వేళ్లు మూడేళ్లలో లేచి నిలబడతాయని ప్రభుత్వానికి ఆశ. అంత ఆశ ప్రజలకు ప్రభుత్వం మీద ఉండి ఉంటే ఈ దేశం ఇంకోలా ఉండేది.

నాలుగున్నరకు కిటికీ దగ్గర గుమాస్తా రసీదు ఇచ్చాడు. పింఛను రెండు నెలలకు మొదలవుతుందట. ఎస్తేరమ్మ రసీదును అరచేతుల మధ్య పెట్టించుకుని కదలకుండా నిలబడింది.

"ఇంకేంది?" అన్నాడు గుమాస్తా.

"సారు, మల్ల నేను యాడన్న పనికి బోతే ఇది గుంజుకుంటరా?"

"పనికి పోయేదానివి అయితే ఈడికెందుకొచ్చినవమ్మా? జరుగు జరుగు."

జరిగింది. మెట్ల దగ్గర ప్రభుదాసు మళ్లీ వీపు వంచాడు. ఆమె ఎక్కలేదు, మొదటి మెట్టు మీద కూర్చుంది.

"ఏమయ్యా, మద్దిలేటి వచ్చిననాడు నువ్వే జెప్పు. నేను బయటికి రాను. ఆ మాట నా నోటికెల్లి ఒక్కపారి వచ్చింది, సాలు."

"జెప్త తియ్."

"నిన్ను గూడ వద్దంటడు."

"అంటడు. పదేండ్ల సంది ఎందుకు జెప్పలేదని తిడ్తడు గూడ."

"తిట్టనీ. తిట్టుడు అయినంక ఇంట్లకు రా."

ప్రభుదాసు ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. అయిదు గంటలకు ఆఫీసు మూసే జవాను వచ్చి, ఇక్కడ కూర్చోకూడదని ఇద్దర్నీ లేపాడు.